పటం తెరిచే ఊరు

కొత్తగూడ, హైదరాబాదు
12 జూన్ 2024

వీరేశం గారికి, నమస్కారం.

"రాసి పంపుండ్రి మేడం, ఫోన్ల మాట మా పెద్దమనుషుల ముంగట నిలవడది" అన్నారు కనుక రాస్తున్నాను.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. 2008లో చేర్యాల వచ్చి మీ నాయన రాజయ్య గారి కథ మూడు రోజులు రికార్డు చేసుకున్నాను. బొమ్మలు గీసిన గుడ్డ పటాన్ని చుట్ట విప్పకుండానే ముందు పెట్టుకుని ఆయన చెబుతుంటే మీరు తాళాలు వేశారు. మధ్యాహ్నం నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది మీరే.

లా కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. నా పని ఆదివాసుల కట్టుబాట్ల మీద. ఉట్నూరు వైపు ఒక గూడెంలో పొలం గట్టు తగువు వస్తే, పెద్దమనిషి ఇద్దరినీ ఆ వాగు కథ చెప్పమన్నాడు. కథ పూర్తిగా చెప్పినవాడికే భూమి ఇచ్చాడు. అది కూడా చట్టమేనని ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. అలాంటి చట్టం అడవిలోనే ఉంటుందనుకునేదాన్ని. గౌడుల పటం కథను ఏ ఊళ్లో ఏ ఇంటివారు చెప్పాలో మీవాళ్లు పంచుకున్నారనీ, కాగితం లేకుండా అది తరాలుగా నడుస్తోందనీ మీ నాయన చెప్పాక, అది నా ఇంటి పక్కనే ఉందని తెలిసింది. దాని మీదే 2010లో ఒక వ్యాసం రాశాను. మీ నాయన పన్నెండు ఊళ్ల జాబితా అందులో అచ్చయింది.

వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. ఈ చివరి ఏడాది 'కథ, బొమ్మ, చట్టం' అని ఒక పేపరు పెట్టాను. మీరు సెప్టెంబరులో వచ్చి మా పిల్లల ముందు పటం తెరిచి చెప్పగలరా?

రాజరాజేశ్వరి


చేర్యాల
25 జూన్ 2024

మేడం గారికి వీరేశం నమస్తే చెప్పి రాసేది.

మీరు గుర్తున్నారు. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని నాయన నన్ను తిట్టాడు, మీరు బాగుందన్నారు.

పటం మాకు దేవుడి కింద లెక్క. హక్కున్న ఊరి గౌడులు పిలుపు పంపితేనే తెరుస్తాం. పిలవని చోట తెరిస్తే తప్పు కింద జరిమానా కట్టాలి. కాబట్టి కాలేజీలో తెరవలేను, ఏమీ అనుకోవద్దు. మొన్న హైటెక్ సిటీ నుంచి కంపెనీవాళ్లు కూడా వచ్చారు. వాళ్ల పండగ రోజు పది నిమిషాలు చెప్పాలట. "పది నిముషాలల్ల పటం చుట్ట విప్పుడే కాదు సార్" అన్నాను. "జర షార్ట్ చేయొచ్చు కదా" అన్నాడు ఆయన. మూడు రోజుల కథను షార్ట్ చేస్తే దేవుడు పుట్టి చచ్చిపోతాడు, మధ్యలో ఏముండదు.

మీ ఉత్తరం సమయానికి వచ్చింది. నాకు ఒక ఆపద ఉంది. మా పటం చినిగింది. కొత్తది వేయిస్తున్నాను, సగం అయింది. కొత్త పటాన్ని మొదటిసారి హక్కున్న ఊళ్లోనే తెరవాలి. తెరవని పటం వట్టి గుడ్డ. పన్నెండు ఊళ్లలో పదకొండు పిలవడం మానేశాయి. మీ వైపు నార్సింగి ఒక్కటే మిగిలింది. అక్కడ రెండుసార్లు చెప్పాను. ఈ మాఘంలో మళ్లీ పిలుస్తామన్నారు.

ఇప్పుడు మా చిన్నాయన రాములు కొడుకు ఈశ్వరయ్య అడ్డం వచ్చాడు. చందానగర్‌లో కిరాయికి ఉంటాడు, హైటెక్ సిటీలో ఒక బిల్డింగుకు సెక్యూరిటీ. ఇరవై ఏళ్లుగా పటం ముట్టలేదు. ఇప్పుడొచ్చి "నార్సింగి మా నాయినది" అంటున్నాడు. మా నాయన, చిన్నాయన ఇద్దరూ పోయారు. ఊళ్ల పంపకం తెలిసిన మా ముసలివాళ్లు కరోనాలో పోయారు. కథ చెప్పించుకునే గౌడుల సాక్ష్యం మా కులం తగువులో చెల్లదు. ఆగస్టులో కులం పెద్దమనుషులు కూర్చుంటారు.

మీ పుస్తకంలో జాబితా ఉందన్నారు. దాని నకలు సంతకం చేసి పంపగలరా?

వీరేశం


కొత్తగూడ
8 జూలై 2024

వీరేశం గారికి,

వ్యాసం నకలు పంపుతున్నాను. ప్రతి పేజీ మీద సంతకం, కాలేజీ ముద్ర ఉన్నాయి. జాబితా నాలుగో పేజీలో ఉంది. తొమ్మిదో పేరు: నార్సింగి, రాజేంద్రనగర్ మండలం, రంగారెడ్డి జిల్లా. నేను రాసింది చదివే వాళ్లు ఏడాదికి పదిమంది. అందులో ఎనిమిది మంది దానికి మార్కులు పడే విద్యార్థులు. ఇది ఒక మనిషి హక్కు నిలబెడుతుందంటే సంతోషంగా ఉంది. దాచుకోను.

ఆదివారం నార్సింగి వెళ్లాను. మీచేత కథ చెప్పించే గౌడుల ఇళ్లన్నీ ఇప్పుడు ఒకే అపార్టుమెంటులో ఉన్నాయి. ఈతవనం ఉన్నచోట పార్కింగు. నాలుగో అంతస్తులో కమలమ్మ గారని పెద్దావిడ టీ ఇచ్చింది.

"లిఫ్టుల కిందికి దిగుడు, మల్ల మీదికి ఎక్కుడు. గిదే బిడ్డా ఇప్పుడు మా ఊరు" అంది.

"పటం కథ ఇంకా కావాలా మీకు?" అన్నాను.

"గట్లంటవేంది? అది లేకుంటే మా పోరగాండ్లకు మేం ఎవ్వలమో ఎట్ల తెలుస్తది? గీ ఆకాష్ గాడు గూగుల్ల సూస్తా అంటడు. గూగుల్ల మా తాత పేరుంటదా?"

లోపలి గదిలోంచి మనవడు "ఉండదు నానమ్మా" అని అరిచాడు.

మిమ్మల్ని మెచ్చుకుంది. మీకంటే ముందు వచ్చినాయన గురించి కూడా చెప్పింది. "పొడుగ్గ ఉండె, కుంటుకుంట నడుస్తుండె. గొంతు లేపితే చెరువు కట్ట దాక ఇనవడుతుండె." మీ నాయన కుంటేవారా? నేను చూసినప్పుడు గమనించినట్టు లేదు.

రాజరాజేశ్వరి


చేర్యాల
22 ఆగస్టు 2024

మేడం గారికి వీరేశం నమస్తే.

పెద్దమనుషులు పోయిన ఆదివారం కూర్చున్నారు. మీ కాగితం చదివించారు. ముద్ర చూశారు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. చదవరానివాళ్లు కూడా చేత్తో తడిమి చూశారు.

ఈశ్వరయ్య లేచి, "మా నాయిన కాడికి ఏ మేడమూ రాలే. గందుకే పుస్తకంల ఎక్కలే. ఎక్కకుంటే ఊరు పోతదా?" అన్నాడు.

పెద్దమనిషి "మరి నీ కాడ ఏమున్నదిరా?" అని అడిగాడు.

"నా కాడ యూనిఫాం ఉన్నది" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

నవంబరు నెలాఖరున మళ్లీ కూర్చుని తీర్పు చెబుతారు. కొత్త పటంలో ఇంక కింది వరసలు మాత్రమే మిగిలాయి. మాఘంలో నార్సింగిలో తెరిచేటప్పుడు మీరు తప్పక రావాలి. మీ పిల్లలను కూడా తీసుకురండి. పిలుపున్న చోట ఎవరైనా కూర్చోవచ్చు.

వీరేశం


కొత్తగూడ
3 సెప్టెంబరు 2024

వీరేశం గారికి,

ఉత్తరం అందింది. ఒక్క విషయం తెలియజేయండి. మీ నాయన ఊళ్ల పేర్లు వరసగా చెప్పేటప్పుడు, నార్సింగి పక్కన ఏ ఊరు చెప్పేవారు?

రాజరాజేశ్వరి


చేర్యాల
15 సెప్టెంబరు 2024

మేడం గారికి,

జాబితా మీ దగ్గరే ఉంది కదా. అచ్చు వేసింది మీరు. నన్ను అడగడం దేనికో నాకు అర్థం కాలేదు. ఇక్కడ వానలు పడుతున్నాయి. పటం ఆరడం లేదు.

వీరేశం


కొత్తగూడ
6 అక్టోబరు 2024

వీరేశం గారికి,

మీకు అలాంటి ప్రశ్న వేయడం తప్పు. కోర్టులో వకీళ్లు చేసే పని అది. జవాబు చేతిలో పెట్టుకుని అడిగాను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

పేపరు కోసం మీ నాయన రికార్డింగు మొత్తం పదహారేళ్ల తర్వాత మళ్లీ విన్నాను. రెండో రోజు ఊళ్ల పేర్లు చెబుతున్నప్పుడు నా ఫోను మోగింది. "ఒక్క నిమిషం" అన్న నా గొంతు, కుర్చీ జరిగిన చప్పుడు ఉన్నాయి. నేను బయటికి వెళ్లాను. రికార్డరు మాత్రం ఆగలేదు. మీ నాయన నాతో వచ్చిన విద్యార్థితో చెబుతున్నారు:

"నార్సింగి రాసినవా? చేగుంట పక్కది, నైజాంబాద్ రోడ్డు మీదిది. పట్నం నార్సింగి మా తమ్మునిది. అండ్ల మేం కాలు పెట్టం."

విద్యార్థి నోటు పుస్తకంలో 'నార్సింగి' అని మాత్రమే రాసుకున్నాడు. మిగతాది కథలో భాగం కాదని వదిలేశాడు. నేను తిరిగొచ్చి పుస్తకం చూశాను, రికార్డు వినలేదు. నాకు తెలిసిన నార్సింగి ఒక్కటే. ఇక్కడి నుంచి అరగంట దూరం. మండలం పేరు, జిల్లా పేరు చదివేవారి సౌకర్యం కోసం నేనే చేర్చాను. రాజయ్య గారి నోట ఆ మాట రాలేదు.

కుంటుతూ నడిచిన మనిషి రాములు గారు. ఇది నాకు ఈశ్వరయ్య గారు చెప్పారు. కమలమ్మ గారిని అడిగి తెలుసుకుని, ఆయన పనిచేసే గేటు దగ్గరికి వెళ్లాను. నన్ను రిజిస్టరులో పేరు రాయమన్నారు. రాశాను. చూసి, "మీరేనా ఆ మేడం?" అన్నారు. కుర్చీ తెచ్చి వేశారు. తాను కూర్చోలేదు. డ్యూటీలో కూర్చోకూడదట. "ఊరు మా నాయినదే మేడం. గని మా అన్న మంచిగ చెప్తడు. అది గుడ అబద్ధం కాదు" అన్నారు.

తప్పు నాది. పెద్దమనుషులకు దిద్దుబాటు రాయాలి, రికార్డింగు పంపాలి. ముందు మీకు చెప్పకుండా ఆ పని చేయలేను. నెలాఖరు వరకు ఆగుతాను.

రాజరాజేశ్వరి


చేర్యాల
20 అక్టోబరు 2024

మేడం,

నాకు తెలుసు.

మీ పుస్తకం వచ్చినప్పుడు నాయన చదివించుకుని విన్నాడు. తొమ్మిదో పేరు దగ్గర ఆపించాడు. "తప్పు పడ్డది. తియ్, మనోళ్లల్ల ఎవడు సదువుతడు" అన్నాడు. ఆ చలికాలమే పోయాడు. తర్వాత చిన్నాయన పోయాడు. ఈశ్వరయ్య అప్పటికే పట్నంలో నౌకరీలో ఉన్నాడు, నార్సింగివాళ్లు మూడుసార్లు కబురు చేస్తే సెలవు లేదన్నాడట. అప్పుడు కమలమ్మ కొడుకు ఇంటర్నెట్‌లో మీ వ్యాసం చూసి నా దగ్గరికొచ్చాడు. "పుస్తకంల మీ నాయిన పేరే ఉన్నది, రావాలె" అన్నాడు. నేను కాదనలేదు. ఆ ఊరు మాది కాదని చెప్పడానికి నోరు తెరిచాను, మేడం. వస్తానన్న మాట వచ్చింది.

మీ తప్పును పన్నెండేళ్లు నేను మోశాను. రెండుసార్లు అక్కడ పటం తెరిచి, ఆ ఇళ్ల పేర్లు కొత్తగా నేర్చుకుని చెప్పాను. నేను పోకపోతే ఆ ఊళ్లో కథే ఆగిపోయేది. హక్కున్నవాడు గేటు దగ్గర నిలబడ్డాడు, హక్కు లేనివాడు కథ నిలబెట్టాడు. మీ చట్టంలో దీనికి ఏమంటారో నాకు తెలియదు.

చేగుంట పక్క నార్సింగి పిలవడం మానేసి పదేళ్లు దాటింది. కబురు చేస్తే జవాబు కూడా రాలేదు. పట్నం నార్సింగి పోతే పటం తెరవడానికి నాకు ఊరు లేదు. పటం మొన్న పూర్తయింది. చుట్ట చుట్టి దూలానికి కట్టాను.

మీరు రాయకండి. అబద్ధం చెప్పమనడం లేదు, ఊరుకోమంటున్నాను. తీర్పు అయ్యాక ఈశ్వరయ్యకు నేనే ఏదో ఒకటి చేస్తాను. నాయన ఇంట్లో మజ్జిగ తాగారు, అందుకని అడుగుతున్నాను.

వీరేశం


కొత్తగూడ
1 నవంబరు 2024

వీరేశం గారికి,

నిన్న పంపాను. నకలు ఇందులో ఉంది. మీకు ముందే తెలుసన్న సంగతి అందులో రాయలేదు. అది చెప్పాలో వద్దో మీ ఇష్టం. నేను తప్పు రాశానని మాత్రమే రాశాను.

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మీరన్నదాంట్లో అబద్ధం లేదు. మీరు లేకపోతే కమలమ్మ గారి మనవడికి తన ముత్తాత పేరు తెలిసేది కాదు. కానీ ఊరుకుంటే, నోటిమాటగా నడిచిన ఒక చట్టాన్ని కాపాడాలని బయలుదేరిన నేను, నా అచ్చు కాగితంతో దాన్ని కొట్టేసినదాన్ని అవుతాను. ఈశ్వరయ్య గారి దగ్గర యూనిఫాం తప్ప ఏమీ లేకుండా చేసింది నా నాలుగో పేజీ.

సాక్ష్యానికి పిలిస్తే వస్తానని వాళ్లకు రాశాను. మీరు నాకు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

రాజరాజేశ్వరి


చందానగర్
22 డిసెంబరు 2024

మేడం గారికి వీరేశం రాసేది.

నాకు మీ మీద కోపం పోలేదు. పెద్దమనుషులు తీర్పు మీకు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

బయటివాళ్లు కూర్చోకూడదని మిమ్మల్ని పిలవలేదు. మీ ఉత్తరం చదివారు. తర్వాత రికార్డు పెట్టారు. నాయన గొంతు రాగానే ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. "అండ్ల మేం కాలు పెట్టం" అన్న మాట దగ్గర పెద్దమనిషి ఆపి, నా వైపు చూసి, "ఏమంటవ్ రా?" అన్నాడు.

తెలియదని చెప్పడానికి మీరు దారి ఉంచారు. నాయన గొంతు అప్పుడే విన్నాక ఆ దారిన పోలేకపోయాను. "నాకు ఎరికే" అన్నాను. "పుస్తకం రాకముందే ఎరికే."

ఈశ్వరయ్య తల దించుకున్నాడు, తప్పు వాడు చేసినట్టు.

తీర్పు ఇది. ఊరు ఈశ్వరయ్యది. హక్కు లేకుండా చెప్పిన కథను నేను వాడికి తిరిగి ఇవ్వాలి, అంటే నేర్పాలి. మాఘంలో నార్సింగిలో చినిగిన పాత పటమే తెరవాలి. వాడు చెబుతాడు, నేను తాళాలు వేస్తాను. కొత్త పటం అక్కడ తెరవడానికి వీలులేదు.

అందుకే ఇప్పుడు చందానగర్‌లో వాడి గదిలో ఉన్నాను. వాడికి ఇరవై ఏళ్లలో అంతా పోయింది. మొదటి రోజు చుట్ట విప్పని పాత పటం ముందు నిలబడి చేయెత్తి, నోరు తెరిచి, ఆగిపోయాడు. "అన్నా, గుడ్ మార్నింగ్ సార్ తప్ప నోట్లెకు ఏం వస్తలే" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ తర్వాత వాడు ఏడ్చాడు. గొంతు మాత్రం చిన్నాయనదే. రెండో వారం పక్క గదివాళ్లు తలుపు కొట్టారు. తిట్టడానికి అనుకున్నాం, వినడానికట.

మీకు కూడా తప్పు వేశారు. పెద్దమనిషి అన్న మాటలే రాస్తున్నాను: "ఆ మేడం ఒక ఊరును ఎక్కువ రాసింది, ఇంకో ఊరును కొట్టేసింది. ఎక్కువ రాసింది కాయితం మీద దిద్దింది. కొట్టేసిన ఊరికి పోయి గౌడుల ఇండ్లల్ల ఆ మాట ఆమెనే నోటితోని చెప్పాలె. కాయితం పంపితే నడవది."

మీరు మా కులం కాదు, పోకపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు. చెప్పమన్నారు, చెప్పాను.

వీరేశం


నార్సింగి, మెదక్ జిల్లా
19 జనవరి 2025

వీరేశం గారికి,

బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దున చేగుంట మీదుగా వచ్చాను. మీ పెద్దమనుషులు చెప్పినట్టే కాగితాలేవీ తెచ్చుకోలేదు.

గౌడుల ఇళ్లు పదకొండున్నాయి. నాలుగిళ్లవాళ్లు ఇంకా చెట్లు ఎక్కుతున్నారు. శంకరా గౌడ్ అని పెద్దాయన అరుగు మీద మోకు సరిచేసుకుంటున్నాడు. నేను ఫలానా అని చెప్పి, "మీ ఊరి పేరు రాయాల్సిన చోట ఇంకో ఊరు రాశాను. రాజయ్య గారి పటానికి మీదే హక్కున్న ఊరు" అన్నాను. ముప్ఫై ఏళ్లుగా వందల మంది ముందు మాట్లాడినదాన్ని. ఆ రెండు వాక్యాలను బస్సులో దారంతా అప్పజెప్పుకుంటూ వచ్చాను.

ఆయన మోకు పక్కన పెట్టాడు. "గదా సంగతి! మా అల్లుడు కంప్యూటర్ల సూసి, మన ఊరు పటమోళ్ల లిస్టుల లేదు మామా, పట్నం నార్సింగి ఉన్నది అన్నడు. లిస్టుల లేనప్పుడు ఎవర్ని పిలుస్తం? వాళ్లే మమ్మల్ని ఇడిచిపెట్టిండ్రు అనుకున్నం. మల్ల కబురొస్తే గుడ జవాబియ్యలే, కోపం మీద."

వీరేశం గారూ, ఈ ఊరు మిమ్మల్ని మరిచిపోలేదు. పిలవకుండా చేసింది నేను. ఇది మీకు రాయకుండా ఉండలేను.

కాసేపటికి అరుగు నిండింది. మొత్తం మళ్లీ చెప్పమన్నారు, చెప్పాను. నీలమ్మ అనే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు మూడు దినాలు ఇన్నవంట కదా. జరంత చెప్పు బిడ్డా, మొదలు ఎట్లుంటది? నా పెండ్లి అయిన ఏడు ఇన్న" అంది. నాకు మొదలు వచ్చు. రికార్డు విని విని కంఠతా వచ్చేసింది. మొదటి మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"నాకు హక్కు లేదమ్మా. ఉన్నాయన ఉన్నారు. కొత్త పటం కూడా సిద్ధంగా ఉంది" అన్నాను.

"రాజయ్య కొడుకు మంచిగ చెప్తడా?" అని ఎవరో వెనకనుంచి అడిగారు.

"పక్క గదులవాళ్లు తలుపు కొట్టి మరీ వింటున్నారు" అన్నాను. తలుపు కొట్టించింది ఈశ్వరయ్య గారి గొంతని చెప్పలేదు. నేర్పింది మీరే కదా.

పదకొండిళ్లవాళ్లు నా ఎదుటే మాట్లాడుకున్నారు. పిలుపు పంపడానికి ఒప్పుకున్నారు. శంకరా గౌడ్, "మాఘంల పట్నంల ఉంటడంటున్నవు. పాల్గునంల వస్తడా? ఏ దినం?" అని నన్ను అడిగాడు. ఆ మాట నేను చెప్పేది కాదన్నాను.

మీరు ఆయనకు పంపడానికి, ఆయన అడ్రసు రాసి ఒక పోస్టుకార్డు ఈ కవరులో పెడుతున్నాను. వెనక వైపు నేనేమీ రాయలేదు.

రాజరాజేశ్వరి